అత్యవసరం లేని ఆసుపత్రి

"ఆసుపత్రికొచ్చిన రోగుల్లో ఎవర్ని ముందు చూడాలి, ఎవర్ని తర్వాత చూడాలి అన్నదానికి ప్రపంచంలో పేరుమోసిన పద్ధతులు మూడున్నాయి. ఆ మూడింటినీ పక్కపక్కన నిలబెట్టి, పోల్చి చూసి, మేలైనదాన్ని ఎంపిక చేసే భాగ్యం ఢిల్లీకి దక్కలేదు, హైదరాబాదుకి దక్కలేదు, మన కొత్తలంకపేటకి దక్కింది!"

2003 జూన్‌లో, చేపల వర్తకుల సంఘం హాల్లో, తన సన్మానం తానే ఏర్పాటు చేసుకున్న సభలో బంగార్రాజు గారు ఈ ప్రకటన చేశారు. ఆయన ప్రభుత్వాసుపత్రి అభివృద్ధి సంఘానికి ఛైర్మన్. కొత్తలంకపేట ఆకివీడుకీ కైకలూరుకీ మధ్య, కొల్లేటి ఒడ్డున ఉంటుంది. అటు బస్సులో వెళ్ళేవాళ్ళు ముక్కు మూసుకునే చోటు కనక పెద్దగా ఎవరికీ గుర్తుండదు. అలాంటి ఊరికి ఇంత గౌరవం తెచ్చినందుకు సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

రహీమా కూడా కొట్టింది. ఆమె ఆ ఆసుపత్రి క్యాజువాలిటీలో హెడ్ నర్సు. సన్మానాలకి వచ్చే అలవాటు లేదు గాని, సిబ్బంది విధిగా హాజరు కావాలని సర్క్యులర్ వస్తే వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఒక ఇండెంటు కాయితం ఉంది. వర్షాలు మొదలయ్యాయి. చేపల చెరువుల గట్లలో బొరియల్లోకి నీళ్ళు దిగి పాములు బయటికొచ్చే కాలం. ఏటా ఈ మూడు నెలల్లో ఐదారుగురైనా పాముకాటుతో వస్తారు. ఒక్క మనిషిని బతికించాలంటే పాముమందు సీసాలు పదైనా ఎక్కించాలి. ఫ్రిజ్‌లో ఉన్నవి సరిగ్గా పది. ఇంకో అరవై కావాలని ఆమె రాసిన కాయితం మీద ఛైర్మన్ గారి సంతకం పడితేగాని అది పైకి వెళ్ళదు.

ఛైర్మన్ గారికి ఈ పద్ధతుల మీద మనసు ఎలా పోయిందో ఆయనే సభలో చెప్పారు. రొయ్యల ఎగుమతి అధ్యయనం కోసం ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆయనకి అక్కడి తిండి పడక కడుపు పట్టేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ ఒక నర్సమ్మ రెండు ప్రశ్నలడిగి, ఆకుపచ్చ చీటీ ఇచ్చి, కుర్చీ చూపించింది. ఆ కుర్చీలో బంగార్రాజు గారు ఆరు గంటలు కూర్చున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఎవరూ ఆరు నిమిషాలు కూర్చోబెట్టింది లేదు.

"నాకు కోపం రాలేదండీ!" అన్నారాయన. "అదే విచిత్రం. కేకలెయ్యాలనిపించలేదు. ఫోను చెయ్యాలనిపించలేదు. ఆకుపచ్చ చీటీ చేతిలో ఉంటే ఏదో పని జరుగుతోందనే అనిపించింది. ఆఖర్న ఆ నర్సమ్మకి థాంక్స్ కూడా చెప్పాను. ఆలోచించండి! మనిషికి ఏమీ చెయ్యకుండా ఆరు గంటలు కూర్చోబెట్టి, తిరిగి అతని చేతే థాంక్స్ చెప్పించుకునే శాస్త్రం మన ప్రజలకి అందకపోతే ఎలాగండీ?"

ఇంతటి ప్రజాసేవకుడు తమ మధ్య ఉన్నందుకు కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

సభ అయ్యాక రహీమా ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఛైర్మన్ గారూ, ఒక్క సంతకమండీ."

"దేనికమ్మా?"

"పాముమందుకండీ. వర్షాలొచ్చేశాయి. ఉన్నది ఒక్క మనిషికి సరిపోతుందండీ, రెండోవాడొస్తే చేతులెత్తెయ్యాల్సిందే."

బంగార్రాజు గారు జాలిగా నవ్వారు. "సిస్టరమ్మా, ఎవరికి ముందివ్వాలో తేలకుండా మందు తెప్పించుకుంటే కొట్టుకు చస్తారమ్మా జనం. ముందు వరస తేలనియ్యి. మందుదేవుంది, దానంతటదే వస్తుంది." అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ జేబులోకి వెళ్ళిన కాయితాలు మళ్ళీ వెలుగు చూడవని ఊళ్ళో అందరికీ తెలుసు. రహీమాకీ తెలుసు. ఆమె రెండో కాపీ తీసి పెట్టుకుంది.

నిజానికి అంతవరకూ ఆ క్యాజువాలిటీలో ఏ పద్ధతీ లేదు. రహీమా గుమ్మంలో నిలబడేది. వచ్చినవాడి ఊపిరి చూసేది, కళ్ళు చూసేది, పెదాల రంగు చూసేది. ఆ చూడ్డం మూడు క్షణాలు కూడా పట్టేది కాదు. "మీరు కాస్త ఆగండి బాబూ, ఆ వెనకావిడని రానివ్వండి" అనేది. జనం సణుక్కుంటూ దారిచ్చేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఈ అశాస్త్రీయ విధానమే నడుస్తోంది. దీనివల్ల బతికినవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, దానికి నివేదిక అంటూ ఏదీ లేదు.

అధ్యయనానికి కన్వీనరుగా డాక్టర్ పట్టాభిరామయ్య గారిని వేశారు. క్యాజువాలిటీకి ఉన్నది ఆయన ఒక్కరే. మంచి డాక్టరు, చెయ్యి మంచిదని పేరు. ఏలూరులో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో వారానికి ఒక్క ఆదివారం మాత్రం పడుకోవడం ఆయనకి పెద్ద బాధ. అధ్యయనం బాగా కుదిరితే ఏలూరు బదిలీ చేయిస్తానని ఛైర్మన్ గారు మాటిచ్చారు. డాక్టరు గారు తాడేపల్లిగూడెం వెళ్ళి, ఇంటర్నెట్ సెంటర్లో ఒక పూటంతా కూర్చుని, మిగతా రెండు పద్ధతుల ప్రింటవుట్లు తీసుకొచ్చారు. ఇంకు అయిపోవచ్చి కొన్ని పేజీలు అచ్చు సరిగ్గా పడలేదు.

ఇక ట్రయాజ్ అధికారి కావాలి. రోగుల్ని వరసలో పెట్టేవాణ్ణి ఇంగ్లీషులో అలా అంటారట. రహీమాని వెయ్యొచ్చని డాక్టరు గారు నసిగారు. "ఆవిడ పాత పద్ధతికి అలవాటు పడిపోయింది, చెడిపోయి ఉంటుంది" అని ఛైర్మన్ గారు బుచ్చిబాబుని వేశారు. బుచ్చిబాబు పార్టీ కార్యకర్త. చేపల సీజన్లో వేలంపాటల దగ్గర సైజుల వారీగా చేపల్ని విడదీయించే పని చేస్తాడు. రోజుకి నాలుగు లారీలు విడదీసిన చేతికి నలభైమంది రోగులొక లెక్క కాదు. పైగా మాట చాలా మెత్తన. తిట్టినవాడిక్కూడా అండీ తగిలించి జవాబు చెబుతాడు.

మొదటివారం ఇంగ్లండు పద్ధతి. రంగులు ఐదు. ప్రాణం మీదికొచ్చినవాడికి ఎరుపు, తర్వాత నారింజ, పసుపు, ఆకుపచ్చ, ఏమీ కానివాడికి నీలం. పాపారావు గారి ఫ్యాన్సీ షాపులో శాటిన్ రిబ్బన్లు కొని, ముక్కలు కోసి, ముంజేతికి కట్టడం మొదలెట్టారు.

సోమవారం పొద్దున్నే వర్తకుల సంఘం అధ్యక్షులు నరసరాజు గారు వేలికి చేపముల్లు గుచ్చుకుని వచ్చారు. బుచ్చిబాబు వినయంగా నీలం రిబ్బను తీశాడు.

"నీలమా? నాకా?" అన్నారు నరసరాజు గారు.

"రోగం చిన్నదని అర్థమండీ."

"రోగం చిన్నదైతే మనిషి చిన్నవాడైపోతాడటరా? ఇందాక మా పాలేరుకి నారింజ కట్టావట!"

"అతనికి కాలు విరిగిందండీ."

"విరిగితే? నారింజ వాడికీ, నీలం నాకూనా? ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా నేను?"

బుచ్చిబాబుకి తప్పు తెలిసొచ్చింది. లెంపలేసుకుని ఎర్ర రిబ్బను కట్టాడు. మర్నాడు నరసరాజు గారి వియ్యంకుడు వచ్చాడు, ఆయనకి తుమ్ములు. వియ్యంకుడికి తక్కువ రంగు కడితే పెళ్ళినాటి గొడవలు మళ్ళీ లేస్తాయి కనక ఎరుపే కట్టారు. బుధవారానికి ఊళ్ళో పెద్దమనుషులంతా ఎర్ర రిబ్బన్లతో ఉన్నారు. కొందరు రోగం కూడా వెంట తెచ్చుకోకుండా స్కూటరు మీదొచ్చి కట్టించుకెళ్ళారు. గురువారం ఆకివీడులో ఒక పెళ్ళికి వెళ్ళిన మనవాళ్ళని, చేతికి ఎర్ర శాటిన్ చూసి ఎవరో ముఖ్యులనుకుని మొదటి బంతిలో కూర్చోబెట్టారు. ఆ వార్త తెలిసి శుక్రవారం ఆసుపత్రి ముందు క్యూ రోడ్డుదాకా పెరిగింది.

ఆ శుక్రవారమే ఉబ్బసంతో ఒక ముసలావిడ వచ్చింది. ఎర్ర రిబ్బను అయిపోయింది. నారింజ, పసుపు, ఆకుపచ్చ కూడా పెద్దమనుషుల పిల్లలకి కట్టేశారు. బుచ్చిబాబు ఎంతో బాధపడుతూ ఆవిడకి నీలం కట్టాడు. రహీమా లోపల్నుంచి చూసి, వచ్చి, ముసలావిడ రెక్క పట్టుకుని తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టింది. నీలం రోగిని వరస తప్పించినందుకు అధ్యయన పుస్తకంలో రహీమా పేరెక్కింది.

రెండోవారం ఆస్ట్రేలియా పద్ధతి. ఇందులో రంగుల్లేవు, అంకెలూ గడువులూ. ఒకటో నంబరుని ఆ క్షణానే చూడాలి, రెండో నంబరుని పది నిమిషాల్లో, మూడుని అరగంటలో, నాలుగుని గంటలో, ఐదుని రెండు గంటల్లో. ఇది నిక్కచ్చి పద్ధతని మొదటిరోజే తెలిసిపోయింది. ఎందుకంటే డాక్టరు గారు ఒక్కరు, ఆయన అధ్యయనం పట్టికలు నింపుతూ కూర్చున్నారు. పది నిమిషాల రోగి మూడు గంటలు కూర్చుని గోడ గడియారంకేసి చెయ్యి చూపించి గొడవ పెట్టుకున్నాడు.

ఛైర్మన్ గారు వచ్చి సమస్యని నిదానంగా పరిశీలించారు. "ఆలస్యం ఎలా బయటపడుతోంది?"

"గడియారం వల్లనండీ," అన్నాడు బుచ్చిబాబు.

ఆ సాయంత్రమే గడియారాన్ని రిపేరుకని తాడేపల్లిగూడెం పంపారు. రోగుల వాచీలు కౌంటరు దగ్గర భద్రపరచబడునని బోర్డు పెట్టారు. మంగళవారం నుంచి శనివారం దాకా కొత్తలంకపేట ఆసుపత్రిలో ఒక్క రోగికీ ఆలస్యం జరిగినట్టు రికార్డు లేదు. ఆస్ట్రేలియాలో కూడా ఇంత మంచి ఫలితం రాలేదని డాక్టరు గారు పట్టిక కింద రాశారు. అయితే సెల్‌ఫోన్లలో టైము కనిపిస్తుందని ఎవడో కనిపెట్టడంతో ఆ పద్ధతిని పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఈలోగా రహీమా ఇండెంటు రెండో కాపీ పట్టుకుని రెండుసార్లు ఛైర్మన్ గారింటికి తిరిగింది. ఒకసారి ఆయన స్నానంలో ఉన్నారు. రెండోసారి "ఇంకొక్క పద్ధతి ఉందమ్మా, అది కూడా కానియ్యి" అన్నారు. బయట వాన పడుతోంది.

మూడోవారం అమెరికా పద్ధతి. డాక్టరు గారు ప్రింటవుట్ ముందు పెట్టుకుని వివరించారు.

"ఇందులో రోగికి ఆసుపత్రి నుంచి ఎన్ని కావాలో చూస్తారండీ. ఎక్స్‌రే ఒకటి, రక్తపరీక్ష ఒకటి, సెలైన్ ఒకటి, ఇలా. ఎక్కువ కావలసినవాడు పైన. ఏమీ అక్కర్లేనివాడు ఐదో నంబరు, అందరికంటే ఆఖరు."

"బావుంది. మనకి ఎక్స్‌రే ఉందా?"

"మిషనుందండీ, ఫిల్ములు లేవు."

"రక్తపరీక్ష?"

"టెక్నీషియన్ డిప్యుటేషన్ మీద వెళ్ళి రెండేళ్ళయిందండీ."

"సెలైన్?"

"వస్తుందన్నారండీ."

ఛైర్మన్ గారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించారు. "మరి ఆసుపత్రిలో లేని వస్తువు రోగికి కావాలని రాస్తే అది అబద్ధం కాదా డాక్టరు గారూ? ప్రభుత్వ రికార్డులో అబద్ధం రాస్తామా?"

డాక్టరు గారు ప్రింటవుట్ చేతిలోకి తీసుకున్నారు. "చావుబతుకుల్లో ఉన్నవాణ్ణి మాత్రం ఇవేవీ లెక్కెట్టకుండా ముందే లోపలికి తీసుకుపొమ్మని మొదటి పేజీలో ఉన్నట్టుందండీ."

"ఏదీ, చదవండి."

ఆయన కాయితం వెలుతురుకి పట్టి చూశారు. "ఈ పేజీ అచ్చు పడలేదండీ."

"అయితే లేనట్టే," అన్నారు ఛైర్మన్ గారు.

ఆ వారం ఆసుపత్రికి రెండువందల పద్నాలుగుమంది వచ్చారు. బుచ్చిబాబు ఒక్కొక్కరినీ మర్యాదగా కూర్చోబెట్టి, వాళ్ళకి ఆసుపత్రి ఇవ్వగలిగింది ఏముందో లెక్కేసి, రెండువందల పద్నాలుగుమందికీ ఐదో నంబరు చీటీ ఇచ్చాడు. పెద్దమనుషులకీ పాలేరుకీ ఒకే నంబరు రావడంతో రంగుల నాటి గొడవలు కూడా లేవు. మొదట్లో నరసరాజు గారు ముఖం ముడుచుకున్నారు గాని, అమెరికా నంబరని తెలిశాక జేబులో పెట్టుకున్నారు. వారం చివర లెక్క తీస్తే అత్యవసర కేసులు సున్నా.

ఈ సున్నాని చూసి బంగార్రాజు గారు పొంగిపోయారు. కోట్లు పోసి కట్టిన ఆసుపత్రులు సాధించలేనిది మూడు వారాల్లో సాధించారు. 'దేశంలోనే మొట్టమొదటి అత్యవసర రహిత ఆసుపత్రి' అని గేటుకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఫ్లెక్సీ కట్టించారు. ఫ్లెక్సీలో ఛైర్మన్ గారు నడుముదాకా ఉన్నారు, డాక్టరు గారు స్టాంపు సైజులో ఉన్నారు. నివేదిక పైకి వెళ్ళింది.

పైనుంచి జవాబు ఎప్పుడూ లేనంత తొందరగా వచ్చింది. అందులో మూడు సంగతులున్నాయి. ఛైర్మన్ గారికి అభినందనలు. అత్యవసర కేసులు లేనందున క్యాజువాలిటీ డాక్టరు పోస్టు ఏలూరుకి మార్పు. అదే కారణంగా, ఫ్రిజ్‌లో వృథాగా ఉన్న పాముమందు సీసాలు పదీ అవసరం గల మరో ఆసుపత్రికి వెంటనే అప్పగింపు. రహీమా మూడో సంగతి రెండుసార్లు చదివింది. ఇండెంటు రెండో కాపీ చింపి చెత్తబుట్టలో పడేసి, మళ్ళీ ఏరుకుని, అతికించి పెట్టుకుంది.

సీసాల కోసం జీపు వచ్చిన సాయంత్రం డాక్టరు గారు అప్పటికే రిలీవై వెళ్ళిపోయారు. డ్రైవరు తాహిర్ ఐసు పెట్టెకి సీలు వేయించుకుని, సంతకం చేయించుకుని, జీపులో పెట్టుకుంటున్నాడు. అప్పుడే చేపల ట్రేలు మోసే ఆటో ఒకటి గేట్లోంచి దూసుకొచ్చింది. ట్రేల మధ్య సల్మాన్ పడుకుని ఉన్నాడు. పాతికేళ్ళ కుర్రాడు, చెరువు గట్టుకి మట్టి వేస్తుంటే పాము చేతిమీద కాటేసింది. తల్లి మెహర్ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

బుచ్చిబాబు ఎదురెళ్ళి ఐదో నంబరు చీటీ మెహర్ చేతిలో పెట్టి, "అలా కూర్చోండమ్మా," అన్నాడు.

రహీమా సల్మాన్ కనురెప్పలు చూసింది. వాలిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

"తాహిర్, పెట్టె దింపు."

"సీలు పడిపోయిందండీ రహీమా ఆపా. సంతకం కూడా అయిపోయింది. నా ఉద్యోగం పోతుందండీ."

"నా పేరు చెప్పు. దింపు."

ఒక చేత్తో సీలు పీకుతూ ఇంకో చేత్తో ఏలూరికి ఫోను చేసింది. పట్టాభిరామయ్య గారు ఎత్తారు.

"నంబరెంతమ్మా?" అన్నారు అలవాటుకొద్దీ.

"మీ లెక్కన ఐదండీ. నా లెక్కన ఇంకో గంట."

"రెప్పలు వాలాయా? ఊపిరెలా ఉంది? పదీ ఎక్కించెయ్యి. నేను చెప్పినట్టు చెయ్యి, వింటున్నావా..." అని మోతాదులన్నీ ఒక్కొక్కటే వివరంగా చెప్పారు. ఫోను పెట్టేముందు, "రహీమమ్మా, నేను చెప్పానని మాత్రం ఎక్కడా రాయకు," అన్నారు.

వస్తుందన్న సెలైన్ రాలేదు కనక మందులషాపు తెరిపించి తన డబ్బుతో తెప్పించింది. ఊపిరి సరిగ్గా అందనప్పుడు తాహిర్ గాలిసంచి పట్టుకుని, ఆమె చెప్పినట్టు, చేతులు లాగేస్తున్నా ఆపకుండా నొక్కాడు. తెల్లవారేవేళకి సల్మాన్ కళ్ళు తెరిచాడు. రహీమా గోడకి ఆనుకుని, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చింది. ఖాళీ ఐసు పెట్టెతో తాహిర్ వెళ్ళిపోయాడు.

వారానికి ఆమెకి మెమో వచ్చింది. 'అత్యవసర రహితముగా ప్రకటింపబడిన ఆసుపత్రి ఆవరణలో, పై అధికారుల అనుమతి లేకుండా అత్యవసర పరిస్థితిని కల్పించినందులకు, బట్వాడాకు సిద్ధమైన ప్రభుత్వ మందులను వినియోగించినందులకు మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' ఛైర్మన్ గారికి కూడా ఈ సంగతి తెలిసింది. ఆయన కోప్పడలేదు. పాము కరిచినవాడు ఐదో నంబరు మీద బతికి బట్టకట్టాడన్న ఒక్క విషయం మీద ఆయన దృష్టి నిలిచింది.

ఆదివారం ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. సల్మాన్‌ని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. రహీమాకి పూలదండల పళ్ళెం పట్టుకుని నిలబడే పని అప్పగించారు. ఆమె పళ్ళెం పట్టుకుని వేదిక చివర నిలబడింది.

"ఈ అబ్బాయిని తాచుపాము కరిచింది," అన్నారు బంగార్రాజు గారు మైకులో. "మన పద్ధతి ఏం చెప్పింది? ఐదో నంబరంది! అంటే ఏమీ అక్కర్లేదంది! మరి చూడండి, మీ కళ్ళెదురుగా బతికున్నాడా లేడా? ఇదీ శాస్త్రమంటే!"

"సిస్టర్ గారు రాత్రంతా..." అని సల్మాన్ లేవబోయాడు.

ఛైర్మన్ గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు. "సిస్టర్ గారి సంగతి తర్వాత బాబూ, కూర్చో." మళ్ళీ మైకులో, "మన చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఇంకా ఎక్కడెక్కడ ఈ పాముమందు వృథాగా మూలుగుతోందో, అదంతా వెనక్కి పంపించి, అక్కడ కూడా మన పద్ధతే పెట్టిస్తానని ఈ సభాముఖంగా హామీ ఇస్తున్నాను!" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. సల్మాన్ చెయ్యి ఇంకా వాచి ఉంది, అయినా పక్కవాళ్ళని చూసి అతనూ కొట్టాడు.

ఆ చప్పట్ల మధ్యలో ఒకాయన గేట్లోంచి వచ్చాడు. మోకాళ్ళదాకా చెరువు బురద. భార్యని రెండు చేతులమీద ఎత్తుకుని ఉన్నాడు. ఆవిడ పాదం పైన గుడ్డతో గట్టిగా కట్టు కట్టి ఉంది. అంత దూరం నుంచే రహీమా ఆవిడ కనురెప్పలు వాలిపోతుండడం చూసింది. పళ్ళెం కింద పెట్టేసి, కుర్చీలు తోసుకుంటూ పరుగెత్తింది.

కౌంటరు దగ్గర బుచ్చిబాబు లేచి నిలబడి, రెండు చేతులతో చీటీ అందించాడు. "ఐదో నంబరండీ. అలా బెంచీ మీద కూర్చోండి."

"ఐదంటే మంచిదేనాండీ?" అన్నాడాయన రొప్పుతూ.

"అన్నిటికంటే మంచిదండీ. ఏమీ అక్కర్లేదన్నమాట."

ఆయన హమ్మయ్య అని భార్యని బెంచీ మీద పడుకోబెట్టి, తలమీది తువ్వాలు విప్పి విసరడం మొదలెట్టాడు. రహీమా జనాన్ని తప్పించుకుని, ఊపిరి అందక, అతని ముందుకొచ్చి నిలబడింది. ఆమె ముఖం చూసి అతనికి జాలేసింది.

"కంగారు పడకండి సిస్టర్ గారూ," అన్నాడు. "మాది ఐదేనటండీ."